నలభైకి అటూ ఇటూ సైకిలెక్కేవాళ్లకి: ముందు దిగడం నేర్చుకోండి

ముప్ఫై తొమ్మిదో ఏట బ్యాడ్మింటన్ ఆడుతుంటే నా కుడి మోకాలు మెలిపడింది. స్కానింగు చూసిన డాక్టరు, "గెంతే ఆటలు ఇక వద్దమ్మా. ఈత కొట్టండి, లేదంటే సైకిలు తొక్కండి" అన్నారు. విశాఖలో పుట్టి పెరిగినా సముద్రంలో మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగనిదాన్ని నేను. అందుకని సైకిలు. మా అమ్మ మాత్రం, "ఏటే, పిల్ల ఇంటర్‌కొచ్చింది, నువ్వు సైకిలెక్కుతావా?" అని నవ్వింది.

ఇప్పుడు నాకు నలభై నాలుగు. ఎంవీపీ కాలనీలో ఇల్లు, హార్బరు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం. వారానికి నాలుగు రోజులు తొక్కుతాను. అపార్ట్‌మెంట్లో, ఆఫీసులో, చివరికి కూరగాయల బండి దగ్గర కూడా "ఎలా మొదలెట్టాలండీ?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నాను. అయితే ఇదంతా నా సొంత తెలివి కాదు. సైకిలు రేసుల్లో పేరుమోసిన ఒక డచ్ ఆవిడ కెరీర్‌ని ముందు పెట్టుకుని, అందులోంచి నాకు పనికొచ్చింది ఏరుకున్నాను. కాబట్టి ఆవిడ సంగతులూ మన బీచ్ రోడ్డు సంగతులూ కలిసే వస్తాయి.

ఆవిడ అనెమీక్ వాన్ వ్లూటెన్. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ నగరం పక్కన వ్లూటెన్ అని ఒక ఊరుంది. వాన్ వ్లూటెన్ అంటే వ్లూటెన్ వాళ్లు అని. మన ఇంటిపేర్ల వరసే. కాకపోతే మనలో చాలామందికి ఇంటిపేరున్న ఊరు ఏ జిల్లాలో ఉందో కూడా తెలీదు. ఈవిడ 1982 అక్టోబరు 8న అచ్చంగా ఆ ఊళ్లోనే పుట్టింది. చిన్నప్పుడు గుర్రపు స్వారీ, ఆ తర్వాత ఫుట్‌బాల్. ఫుట్‌బాల్‌లో మోకాలు దెబ్బతింటే సైకిలు వైపు వచ్చింది. ఈలోగా వాగెనింగెన్ యూనివర్సిటీలో జంతుశాస్త్రం చదివి, రోగాలు ఎలా వ్యాపిస్తాయో చెప్పే ఎపిడెమియాలజీలో మాస్టర్స్ చేసింది. రేసుల్లోకి గట్టిగా దిగేసరికి పాతికేళ్లు. అక్కడ పిల్లలు పదేళ్లకే క్లబ్బుల్లో చేరి పోటీలకి వెళ్తుంటారు. అలాంటి చోట పాతికేళ్లంటే బస్సు వెళ్లిపోయాక స్టాపుకి వచ్చినట్టే.

అలా వచ్చినావిడ 2022లో ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల పెద్ద రేసులు మూడూ ఒకే ఏడాదిలో గెలిచింది. సెప్టెంబరు 24న ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్‌లో ప్రపంచ చాంపియన్ కూడా అయింది. నలభయ్యో పుట్టినరోజుకి సరిగ్గా రెండు వారాల ముందు! ఆ రాత్రి అమ్మకి ఫోను చేసి ఊపిరాడకుండా చెప్పాను. అమ్మ అంతా విని, "ఆవిడకి పిల్లలెంతమందే?" అని అడిగింది.

ఆలస్యంగా మొదలెట్టినవాళ్లకి ఊపిరి, తొడల్లో సత్తువ తొందరగానే వచ్చేస్తాయి. నాకు ఎనిమిది నెలలు పట్టింది. తొందరగా రానిది సైకిలు మీద పట్టు. మలుపు తిప్పడం, బ్రేకు వేయడం, గుంపులో పక్కవాళ్ల భుజానికి తగలకుండా నడపడం, ఇవన్నీ చిన్నప్పుడు పడుతూ లేస్తూ ఒళ్లు నేర్చుకునే విద్యలు. మనం పెద్దయ్యాక వచ్చాం కనుక పనిగట్టుకుని నేర్చుకోవాలి. అందరూ "ఎన్ని కిలోమీటర్లు? ఎంత స్పీడు?" అని అడుగుతారు. నేనైతే "కొండ ఎలా దిగావు?" అని అడుగుతాను.

ముందు సైకిలు సరిపోవాలి

నా మొదటి గేర్ల సైకిలు ఒక పెద్ద షాపులో కొన్నాను. పేరు చెప్పను. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. నాకు కావలసిన ఫ్రేము 48, 49 సైజు. వాళ్ల దగ్గర స్టాకులో ఉన్నది 54. "కొన్నాళ్లకి అలవాటైపోతుంది మేడం" అని అంటగట్టేశారు. రెండు నెలలు మెడ, భుజాలు, అరచేతులు ఒకటే నొప్పి. నా ఒంట్లోనే లోపం ఉందేమో అనుకున్నాను.

చివరికి పూర్ణా మార్కెట్ వైపు ఒక పాత సైకిలు మేస్త్రి దగ్గరికి పంక్చరు కోసం వెళ్తే, ఆయన నేను ఎక్కి కూర్చోవడం చూడగానే తల అడ్డంగా ఊపేశాడు. "అమ్మా, చెప్పులు కొన్నట్టే సైకిలూ. కాలికి చెప్పు సరిపోవాల గానీ, చెప్పుకి కాలు సరిపెట్టుకుంటామా?" అన్నాడు. ఆ సైకిలు నష్టానికి అమ్మేసి చిన్న ఫ్రేము కొన్నాను. కొనేముందు ఎక్కి, కనీసం పది నిమిషాలు తొక్కి చూడనివ్వని షాపులో కొనకండి.

సీటు ఎత్తుకి మేస్త్రి చెప్పిన పద్ధతి ఇది. గోడ పట్టుకుని సైకిలెక్కండి. మడమని పెడల్ మీద పెట్టి, పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చేదాకా తిప్పండి. అక్కడ కాలు నిటారుగా ఉండాలి, నడుము ఒక పక్కకి ఒరగకూడదు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కనుక మోకాలు కాస్త వంగి వస్తుంది. అదే కావాలి. ఆ తర్వాత కూడా మోకాలి ముందు నొప్పెడుతుంటే చాలాసార్లు సీటు కిందికి ఉన్నట్టు లెక్క. వెనక నరం లాగుతుంటే ఎత్తు ఎక్కువైనట్టు. మార్చేటప్పుడు ఒకేసారి అంగుళం మార్చకండి. అర సెంటీమీటరు చొప్పున మార్చి, మూడు నాలుగు రోజులు తొక్కి చూడండి. సరిపోయిన చోట సీటు రాడ్డుకి ఇన్సులేషన్ టేపు చుట్టేయండి. ఇంట్లో పిల్లలు ఎక్కి దించేస్తుంటారు.

మోకాలు బాగుండాలంటే రెండోది గేరు. బరువు గేరు వేసి కసిగా తొక్కుతుంటే గొప్పగానే ఉంటుంది, భారమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. తేలిక గేరు వేసి నిమిషానికి 80, 90 చుట్లు తిప్పండి. లెక్కపెట్టుకోవడం తేలికే. పదిహేను సెకన్లలో కుడికాలు ఇరవై, ఇరవై రెండుసార్లు కిందికి రావాలి.

టైరు గాలి గురించి ఒక్క మాట. పక్కన రాసి ఉన్న గరిష్ఠ అంకె దాకా కొట్టించకండి. నా బరువు 62 కిలోలు, టైరు 28 మిల్లీమీటర్లు. ముందు 65 పీఎస్ఐ, వెనక 70 పెడతాను. అంతకంటే గట్టిగా ఉంటే మన స్పీడు బ్రేకర్లకి పళ్లు రాలతాయి, మలుపులో పట్టూ తగ్గుతుంది.

గాలితో బేరం

నెదర్లాండ్స్ బల్లపరుపు దేశం. ఐరోపా వైపున్న ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తైన చోటు వాల్సర్‌బెర్గ్, అది 322 మీటర్లు. మన సింహాద్రి అప్పన్న కొండల ముందు అదేమంత ఘనం కాదు. అక్కడివాళ్లకి కొండ లేకపోతేనేం, గాలి ఉంది. ఎదురుగాలి పోటీ అని ఒకటి పెట్టుకుంటారు కూడా. సముద్రానికి అడ్డంగా కట్టిన ఊస్టర్‌స్కెల్డ్ కట్ట మీద, గేర్లు లేని మామూలు సైకిళ్లతో, 8.5 కిలోమీటర్లు తుఫానులాంటి ఎదురుగాలిలో తొక్కడమే పోటీ. గాలి బాగా ఉన్న రోజు చూసి, అప్పటికప్పుడు ప్రకటించి పెడతారు. పిచ్చి ముదిరితే రోకలి తలకి చుట్టమన్నాడట ఒకడు, అలా ఉంటుంది.

మనకి బీచ్ రోడ్డు ఉంది. ఇక్కడ గాలి సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల నేను మొదటిసారి భీమిలి వెళ్లిన రోజు ఏడుపొక్కటే తక్కువ. మే నెల. ఆర్కే బీచ్ నుంచి బయల్దేరితే జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుకొచ్చేశాయి. నా అంత మొనగత్తె లేదనుకున్నాను. గంట కొంచెం దాటేసరికి భీమిలి. టిఫిన్ తిని వెనక్కి తిరిగాను. అప్పుడు తెలిసింది, నన్ను తీసుకొచ్చింది నా కాళ్లు కావు, వీపు మీద గాలి. తిరిగి రావడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. సాగర్‌నగర్ దగ్గర సైకిలు దిగి ఓ చెట్టు కింద కూలబడ్డాను.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో, వానాకాలంలో ఎక్కువగా నైరుతి గాలి వీస్తుంది. అంటే భీమిలి వెళ్లేటప్పుడు తోస్తుంది, వచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది. చలికాలంలో చాలా రోజులు ఇది తలకిందులవుతుంది. బయల్దేరే ముందు ఆర్కే బీచ్‌లో కొబ్బరి మట్టలు ఎటు వాలుతున్నాయో చూడండి. మీ వెళ్లే దారి వైపే వాలుతుంటే, కాళ్లలో సత్తువ మూడో వంతు అయ్యేసరికి వెనక్కి తిరిగేయాలి. సగం అయ్యాక అంటే ఆలస్యమైనట్టే.

ఎదురుగాలిలో చేయాల్సింది మూడే. ఒక గేరు దించండి, మోచేతులు వంచి ఒళ్లు చిన్నది చేసుకోండి, మీటరు మీద స్పీడు చూడకండి. గంటకి 14 వస్తే 14. ఊపిరి మాత్రం మాట్లాడగలిగేంత ఉండాలి. నేను లలితా సహస్రనామం చదువుకుంటాను. నామం మధ్యలో తెగితే గేరు దించుతాను.

2019లో యార్క్‌షైర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు వాన్ వ్లూటెన్ దాదాపు 150 కిలోమీటర్ల రేసులో ఇంకా 105 కిలోమీటర్లు ఉండగానే లోఫ్ట్‌హౌస్ ఎత్తు మీద అందర్నీ వదిలేసి వెళ్లిపోయింది. ఒక్కతే. ఆర్కే బీచ్ నుంచి భీమిలికి రెండుసార్లు వెళ్లి వచ్చినంత దూరం, వెనక ప్రపంచంలోని మేటి సైకిలిస్టులంతా కలిసి తరుముతుంటే. ఆవిడ చివరిదాకా దొరకలేదు. ఆ వీడియోలో నాకు నచ్చేది గెలుపు గీత కాదు, మధ్యలో ఏ గొడవా లేని గంటలు. భుజాలు కదలవు, తల కదలదు, ఒకే లయ. కుట్టుమిషను నడుస్తున్నట్టు ఉంటుంది.

పక్కగాలి వీచినప్పుడు డచ్‌వాళ్లు వరసలో కాకుండా రోడ్డుకి అడ్డంగా ఏటవాలుగా పరుచుకుని, ఒకరి చాటున ఒకరు వెళ్తారు. దాన్ని 'వాయర్' అంటారు. వాయర్ అంటే డచ్‌లో విసనకర్ర. ఆ ఆకారం చూస్తే ఆ పేరెందుకు పెట్టారో తెలిసిపోతుంది. ముచ్చటగానే ఉంటుంది గానీ బీచ్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సుల మధ్య ప్రయత్నించకండి. మనకి ఒకరి వెనక ఒకరే గతి.

దిగడం

ఇక అసలు సంగతికి వస్తాను.

2016 ఆగస్టు 7, రియో ఒలింపిక్స్ మహిళల రోడ్డు రేసు. చివరి కొండ ఎక్కేసరికి వాన్ వ్లూటెన్‌తో ఇంకొక్కరే మిగిలారు, దిగడం మొదలయ్యాక ఆమెనీ వదిలించుకుని ముందుకి వెళ్లిపోయింది. విస్టా చినేసా అనే ఆ కొండ దిగితే పదో పదకొండో కిలోమీటర్లు, బంగారు పతకం. దారి తడిగా ఉంది. ఒక కుడి మలుపులో చక్రం పట్టు తప్పింది. ఆవిడ గాల్లోకి లేచి రోడ్డు అంచున ఉన్న గట్టుకి కొట్టుకుని, అలాగే కదలకుండా పడి ఉండిపోయింది. చనిపోయిందనే అనుకున్నారు చాలామంది. వెన్నెముకలో మూడు చిన్న పగుళ్లు, తలకి అదురు. పతకం ఆవిడ జట్టుకే చెందిన అనా వాన్ డెర్ బ్రెగెన్‌కి వెళ్లింది. అంతటి కొండ ఎక్కడంలో ఆవిడని మించినవాళ్లు ఆ రోజు లేరు. పోగొట్టుకున్నది దిగేటప్పుడు.

ఈ వీడియో నేను సైకిలెక్కిన కొత్తలోనే చూశాను. చూసీ బుద్ధి రాలేదు. మూడు నెలల తర్వాత నవంబరులో, రాత్రి వాన పడి తెల్లారిన ఒక ఆదివారం, సింహాచలం ఘాట్ రోడ్డు మొదటిసారి ఆగకుండా ఎక్కేశాను. పైన కొండ మీద నిలబడి సెల్ఫీ తీసుకుని మా వాళ్లందరికీ పంపాను. దిగేటప్పుడు ఆ ఊపు తలకెక్కి ఉంది. ఒక ఎడమ మలుపులో తడి ఆకులు, వాటి కింద ఇసుక. స్పీడు ఎక్కువైందని మలుపు మధ్యలో గబుక్కున బ్రేకు నొక్కాను. వెనక చక్రం పక్కకి జారిపోయింది. నేను పడ్డాను అని తెలిసేసరికే పడి ఉన్నాను. హెల్మెట్ ఎడమపక్క పగిలింది. మణికట్టులో సన్నటి చీలిక, ఐదు వారాలు కట్టు. ఒక ఆటో ఆయన ఆగి, నీళ్లిచ్చి, సైకిలు వెనక వేసుకుని కిందికి దించి, "అప్పన్న కాపాడాడమ్మా" అని డబ్బులు కూడా తీసుకోలేదు. హెల్మెట్ కూడా కాపాడింది. అది లేకుండా ఇంటి గేటు దాటకండి.

కట్టు విప్పాక నేను మొదటి తరగతి నుంచి మొదలెట్టాను. మీరు పడకముందే మొదలెట్టండి.

ఖాళీ మైదానం ఒకటి చూసుకోండి. బోండాల బండి దగ్గర తాగేసి పడేసిన కొబ్బరి చిప్పలు నాలుగైదు అడిగి తెచ్చుకోండి, ఊరికే ఇస్తారు. ఒక చిప్ప పెట్టి, దాని దగ్గరికి వచ్చేసరికి రెండు బ్రేకులూ కలిపి నొక్కి ఎంత తక్కువ దూరంలో ఆగగలరో చూడండి. మొదటిరోజు రెండు సైకిళ్ల దూరం పడుతుంది, రెండు వారాలకి సగం అవుతుంది. సైకిలుని గట్టిగా ఆపేది ముందు బ్రేకే. మనం చిన్నప్పుడు "ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావు" అన్న మాట విని దాన్ని ముట్టుకోవడమే మానేశాం. నెమ్మదిగా, కొద్దికొద్దిగా పెంచుతూ నొక్కుతూ, అదే సమయంలో నడుముని సీటు వెనక్కి జరిపితే పల్టీ కొట్టదు. చేతికి ఆ మోతాదు తెలియడానికే ఈ కొబ్బరి చిప్పలు.

తర్వాత చిప్పల్ని వంకరగా పేర్చి వాటి మధ్య తిరగండి. ఎడమకి తిరుగుతుంటే కుడి పెడల్ కిందికి ఉండాలి, బరువంతా ఆ కుడి పాదం మీద వేయాలి. ఎడమ పెడల్ కింద ఉంటే నేలకి తగిలి ఎత్తేస్తుంది. కళ్లు ఎక్కడుంటే సైకిలు అక్కడికే వెళ్తుంది. గుంతని చూస్తే గుంతలోకి, కుక్కని చూస్తే కుక్క మీదికి. ఇది శాపం లాంటిది, వరం కూడా. మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ చూడండి.

కొండ మీద సూత్రం ఒక్కటే: బ్రేకు పని మలుపుకి ముందే అయిపోవాలి. మలుపులోకి వెళ్లాక చేతులు వదులుగా ఉండాలి. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. చక్రానికి ఉన్న పట్టు కొంతే. మలుపు తిరగడానికే అది సరిపోతుంటే, మధ్యలో బ్రేకు కూడా అడిగితే ఎక్కణ్ణుంచి తెస్తుంది? జీతమంతా అద్దెకే పోతుంటే మళ్లీ ఈఎంఐ పెట్టుకున్నట్టు. హ్యాండిల్ కింది వంపుల్లో చేతులు పెట్టుకుంటే బ్రేకు మీద పట్టు దొరుకుతుంది, బరువూ కిందికి దిగుతుంది. దారి పొడుగునా బ్రేకు పట్టుకునే ఉండకండి, వేడెక్కి పట్టు వదిలేస్తుంది. నొక్కండి, వదలండి, మళ్లీ నొక్కండి.

నేను పడిన మలుపునే ఎంచుకున్నాను. ఒక పొద్దున్న బండ్లు లేని వేళ చూసుకుని, ఆ మలుపు పైన యాభై గజాల నుంచి దిగడం, కింద ఆగడం, సైకిలు నడిపించుకుంటూ మళ్లీ పైకి రావడం. పదకొండుసార్లు. అక్కడ రోడ్డూడ్చే ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి చూసి చూసి, "ఏటమ్మా, ఏదైనా పారేసుకున్నావా?" అంది. "ధైర్యం పారేసుకున్నానమ్మా" అన్నాను. "అలగా" అని, ఏమనుకుందో ఏమో, ఆ మలుపులో ఆకులన్నీ ఊడ్చి పక్కకి నెట్టింది.

వానపడ్డ మర్నాడు ఘాట్ ఎక్కకండి. ఎక్కినా దిగేటప్పుడు రోడ్డు మీది తెల్లగీతల పైకి వెళ్లకండి, తడిస్తే సబ్బే అవి.

ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి

టోక్యో ఒలింపిక్స్ రోడ్డు రేసులో వాన్ వ్లూటెన్ రెండు చేతులూ పైకెత్తి గీత దాటింది, గెలిచానని. కానీ ఆస్ట్రియాకి చెందిన అనా కీసెన్‌హోఫర్ అప్పటికే 75 సెకన్ల ముందు దాటేసింది. మొదట్లోనే ముందుకెళ్లిన ఐదుగురిలో ఆమె ఒకతి. మిగతా నలుగురినీ పట్టుకున్నవాళ్లు ఐదో మనిషిని మరిచిపోయారు. ఒలింపిక్స్‌లో చెవిలో రేడియో ఉండదు, చెప్పేవాళ్లు లేరు. లెక్కలు రాసుకునేదాన్ని కనుక ఇది చూసినప్పుడు నా కడుపులో దేవినట్టయింది. ఒక్క అంకె తేడా!

మా ఆదివారం గుంపులో ఇదే జరిగింది, తలకిందులుగా. తొమ్మిదిమంది వెళ్లాం. భీమిలిలో టిఫిన్ దగ్గర ఎనిమిది ప్లేట్లే చెప్పాం, ఎవరికీ అనుమానం రాలేదు. తొమ్మిదో ఆవిడ మంగమారిపేట దగ్గర పంక్చరై, ఫోన్లో సిగ్నల్ లేక నలభై నిమిషాలు ఎండలో నిలబడింది. వారం రోజులు మాతో మాట్లాడలేదు, న్యాయమే. అప్పట్నుంచి బయల్దేరేటప్పుడు అంకె గట్టిగా అనుకుంటాం, ప్రతి ఆగినచోటా లెక్కపెడతాం, అందరికంటే వెనక ఎవరు ఉండాలో ముందే చెప్పుకుంటాం. ఒక ట్యూబు, రెండు టైరు లివర్లు, చిన్న పంపు ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి. ట్యూబు మార్చడం ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని రెండుసార్లు చేసి చూసుకోండి.

అన్నట్టు, ఆ రజతం తర్వాత మూడు రోజులకే, జులై 28న, 22.1 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో ఆవిడ బంగారం గెలిచింది. అందులో ఒక్కొక్కరే గడియారంతో పోటీ. లెక్క తప్పే వీలు లేదు.

తిండి

2022 టూర్ డి ఫ్రాన్స్ మహిళల రేసు ఎనిమిది రోజులది. మొదట్లోనే ఆవిడకి కడుపు పాడైంది, తిండి ఇమడలేదు, ఇంటికెళ్లిపోదామనుకునేదాకా వచ్చింది. ఆ రోజుల్లో ముందుకెళ్లే ప్రయత్నం మానేసి, గుంపులో పడి ఎలాగోలా గీత దాటింది. ఒళ్లు కుదుటపడ్డాక ఏడో రోజు కొండల్లో అందర్నీ మూడు నిమిషాలకు పైగా వెనక వదిలేసింది. ఎనిమిదో రోజూ తనదే. మొత్తం మీద రెండో ఆవిడ కంటే 3 నిమిషాల 48 సెకన్లు ముందు. ఒంట్లో బాగాలేని రోజు తక్కువ తొక్కితే ఏమీ పోదని నాకు తెలిసింది అక్కడే.

మనకైతే గంట లోపు తొక్కుడుకి నీళ్లు చాలు. అంతకు మించితే బయల్దేరే ముందు ఒక అరటిపండు, దారిలో ఖర్జూరాలో బెల్లం వేరుశనగ ఉండో. మన ఉక్కకి ఉప్పు పోతుంది. సీసాలో నిమ్మరసం, చెంచాడు పంచదార, చిటికెడు ఉప్పు వేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఐదింటికే రోడ్డు మీద ఉండాలి, ఏడున్నరకి ఇంట్లో ఉండాలి. కొత్త తిండి దారిలో పరీక్షించకండి. బజ్జీలు, పునుగులు తొక్కడం పూర్తయ్యాకే.

ఆవిడని చూసి నేర్చుకోకూడనిది

2018లో ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పడి మోకాలి దగ్గర ఎముక విరిగినా లేచి రేసు పూర్తి చేసి ఏడో స్థానంలో వచ్చింది. 2020లో ఇటలీ రేసులో ముందంజలో ఉండగా పడి మణికట్టు విరిగితే, కొద్దిరోజుల్లోనే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తొక్కి రెండో స్థానం. 2021 అక్టోబరులో పారిస్–రూబే రేసులో పడి కటి ఎముక విరిగింది. వొలాంగాంగ్‌లో, గెలిచిన రేసుకి మూడు రోజుల ముందే మోచెయ్యి విరిగింది. సీటు మీంచి లేచి తొక్కలేని స్థితి. అందుకే కూర్చునే, చివరి కిలోమీటరులో ముందున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే వెనక నుంచి ఒక్కసారిగా దూసుకెళ్లిపోయింది.

చదవడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ ఆవిడ చుట్టూ డాక్టర్లుండేవారు, 2023లో రేసులు మానేసేదాకా అది ఆవిడ వృత్తి. మనకి సోమవారం ఆఫీసుంది. నేను ఐదు వారాల కట్టులో నాలుగో వారం బుద్ధి గడ్డి తిని ఇంట్లో స్టాండు మీద తొక్కడం మొదలెట్టాను, వాపు వచ్చి మరో పది రోజులు పెరిగింది. పడితే ముందు లేవకండి. వేళ్లు, మెడ, కాళ్లు కదులుతున్నాయో లేదో చూసుకోండి. తలకి దెబ్బ తగిలితే బాగానే ఉందనిపించినా ఆ రోజు ఇక తొక్కొద్దు, డాక్టరుకి చూపించండి. పగిలిన హెల్మెట్‌ని మళ్లీ వాడకండి. నాది వంటింటి అటక మీద పెట్టాను. అమ్మ అందులో వెల్లుల్లి పోసుకుంది.

ఉప్పుగాలి

చివరిగా, మన ఊరి ప్రత్యేక బాధ. బీచ్ రోడ్డు మీద తొక్కిన సైకిలుని తుడవకుండా వదిలేస్తే వారానికే చైను ఎర్రబడుతుంది. టెన్నేటి పార్కు దగ్గర 2020లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ గుర్తుందా? అది ఎలా తుప్పుపట్టిందో మీరే చూసుంటారు. ఇంటికి రాగానే తడిగుడ్డతో ఫ్రేము, పొడిగుడ్డతో చైను తుడవండి. వారానికోసారి చైను మీద ఒక్కో కీలుకి ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైకి కనబడే నూనెంతా మళ్లీ తుడిచేయండి. పైన మిగిలిన నూనెకి ఇసుక అంటుకుని చైనుని అరగదీస్తుంది. కొబ్బరి నూనె వాడకండి. నేను వాడాను. చీమలు పట్టాయి.

తుడిచేటప్పుడే బ్రేకు రబ్బర్లు ఎంత అరిగాయో చూడండి. వాటి మీద గాట్లు ఉంటాయి, గాట్లు కనిపించకపోతే మార్చే వేళయినట్టు. మేస్త్రి దగ్గరికి వెళ్తే పది నిమిషాల పని. కిందటి శనివారం వెళ్లినప్పుడు ఆయన నా పాత రబ్బర్లు వేలితో రాసి చూసి, "ముందుది ఎక్కువ అరిగిందే! ఇప్పుడు దిగడం వచ్చిందన్నమాట" అన్నాడు.